నాలుగు ఫ్రేములు, ఒక్క ఊరు కాదు: పాత సినిమాలో కనిపించిన మండువా ఇల్లు ఎక్కడుందో వెతకడం

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెబుతాను. మీ తాతగారు వడ్రంగి. గోదావరి జిల్లాల్లో ఎన్నో ఊళ్ళు తిరిగి ఇళ్ళకు గుమ్మాలు, తలుపులు చేశారు. 1980ల చివర్లో వచ్చిన ఒక సినిమాలోని మండువా ఇల్లు (నడిమధ్యన పైకప్పు లేకుండా తెరిచి ఉండే పాతకాలపు పెంకుటిల్లు) చూపించి "ఆ సింహద్వారం నా చేతిదే" అనేవారట. ఊరి పేరు చెప్పకుండానే పోయారు. ఇప్పుడు మీరు ఆ గుమ్మాన్ని కళ్ళారా చూడాలనుకుంటున్నారు. సినిమాలోంచి నాలుగు ఫ్రేములు పెట్టి, ఇది ఏ ఊరో ఎలా కనుక్కోవాలని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, కనుక్కోవచ్చండి. కానీ మీరు ఒక ఊరి కోసం వెతుకుతున్నారు, అక్కడే ఇబ్బంది వస్తోంది. మీ నాలుగు ఫ్రేములూ కథలో ఒకే ఊరు. నిజంలో కనీసం మూడు చోట్లు. మొదటిది (కమానుల మీద కాలవ) పి.గన్నవరం పాత అక్విడెక్టు. నాలుగోది (సాయంత్రం, నది, వంతెన) రాజమండ్రి గట్టు. మూడోది (బస్సు, కొబ్బరిచెట్ల రోడ్డు) నా లెక్కలో అసలు మన డెల్టాయే కాదు. మీకు కావలసిన ఇల్లు రెండో ఫ్రేములో ఉంది. దాన్ని మిగతా మూడింటితో ముడిపెట్టకుండా విడిగా వెతకాలి.

నేను ఇరవై రెండేళ్ళుగా అమలాపురం, రాజోలు, పాలకొల్లు చుట్టుపక్కల షూటింగులకు లొకేషన్లు చూపించే పని చేస్తున్నాను. పాత సినిమాల్లోని చోట్లు వెతకడం ఆ పనిలోంచే అలవాటైంది. "ఫలానా సినిమాలో ఉన్నలాంటి రేవు కావాలి" అని దర్శకులు అడుగుతారు. ఆ రేవు ఎక్కడుందో ముందు మనకు తెలియాలి కదా.

షాటు షాటుకూ ఊరు మారుతుంది. హీరో గుమ్మం దాటి బయటికి వస్తే గుమ్మం ఒక ఊళ్ళో, వీధి ఇంకో ఊళ్ళో ఉండొచ్చు. పాత రోజుల్లో తెలుగు సినిమా మద్రాసులో ఉండేది. లోపలి సీన్లు అక్కడి స్టూడియోల్లో తీసి, బయటి సీన్లకు మాత్రం గోదావరికి వచ్చేవారు. అందుకే నేను సీను మొత్తాన్ని ఒక్కసారిగా చూడను. ప్రతి షాటునీ ఆపి, ఇందులో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మార్చలేనిది ఏముందని చూస్తాను. నది ఏ దిక్కున ఉంది, కొండ ఉందా లేదా, వంతెన ఎలాంటిది, గోపురం ఎత్తెంత, ఎండ ఎటు పడుతోంది. ఇవి ఎవరూ మార్చలేరు. బోర్డులు, బస్సు పేర్లు, గోడమీద రాతలు పది నిమిషాల్లో మారిపోతాయి.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక పాత సినిమాలో బియ్యం మిల్లు మీద ఊరి పేరు చదివి, ఆ ఊరికి మూడుసార్లు వెళ్ళాను. మిల్లులు చూశాను, పెద్దవాళ్ళని అడిగాను, ఎవరూ గుర్తుపట్టలేదు. నాలుగోసారి సినిమా మళ్ళీ వేసుకుని చూస్తే, బోర్డు నీడ మిల్లు గోడ మీద పడుతోంది, బోర్డుకీ గోడకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. అంటే షూటింగు కోసం తగిలించిన బోర్డు. మిల్లు ఏటికి అవతలి జిల్లాలో దొరికింది. అప్పటినుంచి రాతని సాక్ష్యంగా కాదు, ఊతంగా మాత్రమే తీసుకుంటాను.

ఇక మీ ఫ్రేముల సంగతి.

నాలుగోది తేలిక. నది మీద ఇనుప దూలాల పొడవైన వంతెన, పైన బస్సు వెళ్తోంది, కింద రైలు దారి. అది 1974లో తెరిచిన రోడ్డు కమ్ రైలు వంతెన. రాజమండ్రి దగ్గర వంతెనలే కాలం చెప్పేస్తాయి. హేవలాక్ వంతెన 1900 నాటిది, రాతి స్తంభాల మీద 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు), రైళ్ళు 1997 దాకా నడిచాయి. కాంక్రీటు విల్లుల్లా 28 ఆర్చీలున్న కొత్త రైలు వంతెన 1997లో వచ్చింది. నాలుగో వంతెన 2015లో. మీ ఫ్రేములో ఆర్చీలు లేవు. సినిమా 1980లదే కాబట్టి ఉండకూడదు కూడా. ఉండి ఉంటే ఆ షాటు వేరే సినిమాలోంచి వచ్చిందనుకోవాలి.

ఏ గట్టు మీదనుంచి తీశారన్నది ఎండ చెబుతుంది. రాజమండ్రి నదికి తూర్పున ఉంది, కొవ్వూరు పడమరన. సూర్యుడు నీళ్ళ మీద అస్తమిస్తే కెమెరా రాజమండ్రి వైపున్నట్టు. నీళ్ళ మీద ఉదయిస్తే కొవ్వూరు వైపు. కిందికి వెళ్తే గోదావరి పాయ వశిష్ఠ మీదా ఇంతే. నరసాపురం పడమటి గట్టు, సఖినేటిపల్లి తూర్పు గట్టు. పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద సూర్యాస్తమయం కావాలని ఎవరైనా అడిగితే నేను సఖినేటిపల్లి రేవుకే తీసుకెళ్తాను.

ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఉదయం తీసిన షాటుని సాయంత్రంగా వాడుకోవడం మామూలే. అందుకని అవతలి గట్టు కూడా చూడాలి. మీ ఫ్రేములో అవతల పల్చటి చెట్ల వరుస తప్ప ఏమీ లేదు. కొవ్వూరు నుంచి చూస్తే రాజమండ్రి మేడలు, ఘాట్లు కనిపించి తీరతాయి. కాబట్టి ఇది రాజమండ్రి గట్టే, నిజంగా సాయంత్రమే.

అసలు ఫ్రేమే తిరగేసి ఉంటే? పాత ప్రింట్లలో ఎడమ కుడి తారుమారైన షాట్లు నేను చూశాను. కనిపెట్టడానికి ఆడవాళ్ళ పైట చూడండి. ఎడమ భుజం మీద ఉండాల్సింది కుడి భుజం మీద ఉంటే ఫ్రేము తిరగబడినట్టే. మీ నాలుగింటిలో మనుషులున్న రెండూ సరిగానే ఉన్నాయి.

మొదటి ఫ్రేము చూడగానే నాకు సంతోషమేసింది. కింద నది పాయ, దాని మీద వరుసగా కమానులు, ఆ కమానుల మీద కాలవ, కాలవ మీద పడవ. నీళ్ళ మీద నీళ్ళు వెళ్ళే ఆ నిర్మాణం పి.గన్నవరంలో వైనతేయ మీద ఉంది. 1850లలో, కాటన్ ఆనకట్ట కట్టిన రోజుల్లోనే, నగరం లంకకి నీళ్ళు అందించడానికి కట్టారు. 49 కమానులు. తర్వాత పక్కనే కొత్త అక్విడెక్టు కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, పాతది ఇంకా నిలబడే ఉంది. ఇప్పుడు ఫొటో తీస్తే రెండూ పడతాయి. మీ ఫ్రేములో పాతది ఒక్కటే ఉంది, కాలానికి సరిపోయింది. ఎప్పుడైనా వీలుచూసుకుని ఆ గట్టు మీద నిలబడి చూడండి, ఆ రాళ్ళ పనికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

మూడో ఫ్రేము మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. రోడ్డుకి రెండువైపులా కొబ్బరిచెట్లు, ఎర్ర బస్సు, బోర్డు మీద "…పాలెం" అన్న చివరి అక్షరాలు. రావులపాలెం అనుకుని అక్కడ వెతికానన్నారు. కానీ చెట్ల సందులోంచి వెనక్కి చూడండి. లేత నీలం రంగులో ఒక గీత ఉంది. మబ్బు కాదు, కొండల వరుస. ధవళేశ్వరం కొండ దాటి కిందికి వచ్చాక డెల్టాలో కొండ కనపడదు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం, ఎటు చూసినా నేల అరచెయ్యిలా ఉంటుంది. నేను ఏ ఫ్రేములోనైనా ముందు చూసేది ఇదే. సగం పని ఇక్కడే అయిపోతుంది.

ఇంకో గుర్తు బస్సు పక్కనున్న బండి. ఆ ఎద్దుల కొమ్ములు పొడవుగా పైకి లేచి వెనక్కి వంగి ఉన్నాయి. మన వైపు ఒంగోలు ఎద్దులకి కొమ్ములు పొట్టి, మూపురం పెద్దది. పొడవు కొమ్ములవి తమిళనాడు కాంగాయం జాతి. కొబ్బరితోటలు, వెనక పడమటి కనుమలు, కాంగాయం ఎద్దులు మూడూ కలిస్తే నా అంచనా పొల్లాచ్చి చుట్టుపక్కలే. మన దర్శకులు చాలామంది అక్కడ తెలుగు పల్లెటూళ్ళు తీశారు. బస్సు మీద తెలుగు బోర్డు పెట్టడం ఎంతసేపు? కాబట్టి ఆ "పాలెం" వదిలేయండి.

(కేరళ విషయంలోనూ ఇలాగే పొరబడతారు. మన కోనసీమ దిండిలో హౌస్‌బోట్లు కేరళ పద్ధతిలోనే ఉంటాయి. ఒక్క ఫ్రేముతో తేల్చకుండా అదే షాటు ఇంకాస్త ముందుకి నడిపి ఏదో ఒక ఇల్లు, ఒక మనిషి కట్టు కనిపించేదాకా ఆగాలి.)

ఇప్పుడు రెండో ఫ్రేము, మీ ఇల్లు. దీని మీద నిన్న రాత్రి రెండు గంటలు కూర్చున్నాను.

పెంకుటిల్లు, వీధి అరుగు, అరుగు మీద నాలుగు కొయ్య స్తంభాలు. వాకిట్లో పెద్దాయన నిలబడి ఉన్నారు. పక్కన వరి కుప్ప. సింహద్వారం బార్లా తెరిచి ఉంది. తలుపులోంచి చూపు మండువా దాటి, పెరటి తలుపు దాటి, సూటిగా వెళ్తుంది. ఆ చివర, గోరంత చోటులో, అడ్డంగా తెల్లటి గీత మెరుస్తోంది. ఫ్రేముల్ని ఒక్కొక్కటిగా నడిపి చూస్తే ఆ గీత కదులుతోంది. గోడ అయితే కదలదు. అది నీళ్ళ మెరుపు. ఇంటి వెనక కాలవ ఉంది.

ఇది స్టూడియో సెట్టు కాదనడానికి ఆధారం కూడా అదే. కెమెరా వాకిట్లో ఉంది, ఇంటిని ఈ చివరనుంచి ఆ చివరికి చూస్తోంది, అవతల నీళ్ళున్నాయి. లోపలి సీన్లు ఎక్కడ తీసినా ఈ ఒక్క షాటు నిజమైన ఇంటి ముందు తీసిందే. అందులో కనిపించే గుమ్మం ఆ ఇంటిదే. మీ తాతగారి మాటకి ఇది పెద్ద బలం.

తర్వాత నీడ. పెద్దాయన నీడ ఆయన పాదాల దగ్గర అడుగుకి మించి లేదు, అది అరుగు వైపు పడింది. వరి కుప్ప ఉంది కాబట్టి సార్వా (తొలి పంట) కోతలన్నా కావాలి, దాళ్వా (రెండో పంట) కోతలన్నా కావాలి. సార్వా కోతలు నవంబరు, డిసెంబరు. డిసెంబరులో మనవైపు మిట్టమధ్యాహ్నం కూడా ఎండ ఏటవాలుగానే ఉంటుంది, ఐదున్నర అడుగుల మనిషికి నీడ నాలుగు అడుగులకి తగ్గదు. అడుగు నీడ పడాలంటే ఏప్రిల్ రావాలి. కనుక ఇది దాళ్వా కుప్ప, టైము పన్నెండు దాటి కొంచెం. వెనక కాలవలో నీళ్ళు ఇంకా ఉన్నాయి, అంటే వేసవికి కాలవలు కట్టేయక ముందు. నా లెక్క ప్రకారం ఏప్రిల్ మొదటి పక్షం.

ఏప్రిల్ మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు మనకి ఇంకా కాస్త దక్షిణానే ఉంటాడు. మే మొదటి వారం దాటితేనే నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళి, ఆగస్టు మొదటి వారం దాకా అటే ఉంటాడు. కాబట్టి మీ ఫ్రేములో నీడ ఉత్తరానికి పడింది. నీడ అరుగు వైపు ఉంది. అంటే ఇల్లు దక్షిణ ముఖం, వెనక ఉత్తరాన కాలవ. ఊరి పేరు తెలియకపోయినా ఇంత దూరం వచ్చాం. కాలవకు దక్షిణపు గట్టున, వీపు కాలవకి ఆనించి, దక్షిణం చూస్తున్న మండువా ఇల్లు. సాధారణంగా మనవాళ్ళు తూర్పు ముఖం కోరుకుంటారు కాబట్టి ఈ వెతుకులాటలో అది మనకి మేలే, అలాంటి ఇళ్ళు తక్కువ.

ఎక్కడ మొదలుపెట్టాలి? యూనిట్ వాళ్ళు రోజుకి రెండు చోట్లు తీయాలంటే దగ్గర దగ్గరగానే ఎంచుకుంటారు. కెమెరా, లైట్లు, జనరేటర్ వ్యాను, భోజనాలు అన్నీ కదలాలి. నా అనుభవంలో పెద్ద ఇంటికీ ప్రత్యేకమైన ఔట్‌డోర్‌కీ మధ్య గంట ప్రయాణం మించదు. అక్విడెక్టు పి.గన్నవరంలో తీశారు కనుక అక్కడినుంచి మొదలుపెట్టి, గన్నవరం కాలవ, అమలాపురం కాలవ వెంబడి వెళ్ళండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు కూడా చూడొచ్చు, ఇస్రో వాళ్ళ భువన్ కూడా ఉంది. పైనుంచి చూస్తే మండువా ఇల్లు ఇట్టే తెలుస్తుంది, పెంకు కప్పు మధ్యలో నలుచదరపు కన్నం. అలాంటివి కాలవకు దక్షిణాన ఎన్ని ఉన్నాయో గుర్తుపెట్టండి. ఇప్పుడు లేకపోతే పాత చిత్రాల్లో చూడండి, ఎందుకంటే గత పదిహేనేళ్ళలో ఇవి చాలా పడిపోయాయి.

సినిమా మొత్తం ఇంకోసారి చూసి ఈ చిన్నవి కూడా ఏరండి. బడి గోడ మీదో పంచాయతీ బోర్డు మీదో "మండలం" అని ఉందా, "తాలూకా" అని ఉందా? మండలాలు 1985లో వచ్చాయి. దుకాణం బోర్డు మీద ఫోన్ నంబరుంటే ఎస్టీడీ కోడ్ చూడండి, అమలాపురం 08856, రాజోలు 08862, నరసాపురం, పాలకొల్లు 08814. పిన్ కోడ్ 533తో మొదలైతే అప్పటి తూర్పు గోదావరి జిల్లా, 534 అయితే పశ్చిమ. బండి నంబర్లలో హీరో కారుది పట్టించుకోకండి, వెనక చెట్టుకింద ఎవరో నిలబెట్టుకున్న స్కూటరుది చూడండి. 1989 తర్వాతవైతే ఏపీ 5 తూర్పు, ఏపీ 37 పశ్చిమ. పీవై 04 కనిపిస్తే యానాం. రైల్వే స్టేషన్ ఉంటే పేరు చెరిపేసినా పసుపు బోర్డు కింద సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది, డెల్టాలో అది చాలా చిన్న అంకె.  ఇవన్నీ ఒక్కొక్కటిగా బలహీనం. రెండు మూడు కలిస్తేనే నమ్మండి.

చెట్లు కూడా సాక్ష్యమే, కాలానికి మరీను. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదారిగట్టు మీద నిద్రగన్నేరు చెట్టు ఉండేది, అందరూ సినిమా చెట్టు అనేవారు. దాని కింద లెక్కలేనన్ని సినిమాలు తీశారు. దాదాపు నూటయాభై ఏళ్ళ చెట్టు, 2024 ఆగస్టులో కూలింది. ఆ వార్త విన్నరోజు నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు ఏ ఫ్రేములోనైనా అది నిలబడి కనిపిస్తే అది ఆ ఆగస్టుకి ముందు తీసిందని రాసుకుంటాను.

ఇంత చేసినా చివరికి ఊరు చెప్పేది మనుషులేనండి. నేను కనుక్కున్న చోట్లలో ఎక్కువ భాగం లాకుల (కాలవ తలుపుల) దగ్గర పనిచేసే లస్కర్లు, పంటు నడిపేవాళ్ళు, పాత పాలేర్లు చెప్పినవే. ఒకసారి ఒక లాకు ఫొటో పట్టుకుని నాలుగు కాలవలు తిరిగాను. ఐదోచోట రిటైరైన లస్కరు ఒకాయన చత్వారపు కళ్ళద్దాలు పెట్టుకుని, హీరోయిన్ని చూడనే లేదు, షట్టరు ఎత్తే స్క్రూ చక్రం చూశారు. "దీనికి ఒక పిడి విరిగి అతుకేశాం, ఆ అతుకు నేను దగ్గరుండి వేయించిందే" అన్నారు. వెళ్ళి చూస్తే అతుకు అలాగే ఉంది. అందుకే వెళ్ళేటప్పుడు ఫోనులో చూపించకండి. ఫ్రేముల్ని పెద్ద సైజులో ప్రింటు తీయించి పట్టుకెళ్ళండి. పెద్దవాళ్ళు చేత్తో పట్టుకుని వెలుగులోకి తిప్పి చూస్తారు. సినిమా పేరు, హీరో పేరు ముందు చెప్పకండి. చెబితే "మా ఊళ్ళోనే తీశారు" అని ప్రేమకొద్దీ అనేస్తారు. "ఈ ఇల్లు ఎవరిదండీ?" అని మాత్రం అడగండి.

ఒక్క విషయానికి మనసు సిద్ధం చేసుకోండి. ఇల్లు దొరకొచ్చు, గుమ్మం ఉండకపోవచ్చు. మండువా ఇళ్ళు పడగొట్టేటప్పుడు పాత టేకు గుమ్మాలు, స్తంభాలు కొనుక్కెళ్ళేవాళ్ళున్నారు. అవి హోటళ్ళకి, ఫామ్‌హౌస్‌లకి వెళ్తాయి. అలా అయితే ఇంటివాళ్ళని ఎవరికి అమ్మారో మర్యాదగా అడగండి, చాలామంది గుర్తుపెట్టుకుంటారు. తాతగారి గుమ్మం చూడాలని వచ్చామని చెబితే కాదనేవాళ్ళు మావైపు ఉండరు. ఇల్లు ఉంటే మాత్రం లోపలికి అడుగుపెట్టేముందు తప్పకుండా అడిగి వెళ్ళండి, అది వాళ్ళు కాపురముంటున్న ఇల్లు.

నాకు మీనుంచి రెండు కావాలి. ఒకటి, ఆ సింహద్వారం మూసి ఉన్న షాటు సినిమాలో ఎక్కడైనా ఉంటే అది. రెండో ఫ్రేములో ద్వారబంధం పైకమ్మి మీద చెక్కడం మసగ్గా ఉంది. మధ్యలో గజలక్ష్మి, రెండువైపులా చిలకలు అనిపిస్తోంది, కానీ కుడిపక్క చిలక తల వెనక్కి తిప్పినట్టుంది. రెండు, మీ తాతగారు చేసిన వేరే గుమ్మం ఏదైనా మీ ఇంట్లోనో చుట్టాల ఇంట్లోనో ఉంటే దాని ఫొటో. చిలకని అలా చెక్కడం ఆయన చేతివాటమైతే ఊరికి వెళ్ళినప్పుడు నాకు పోల్చుకోవడం సులువవుతుంది. వచ్చేవారం వేరే పనిమీద పి.గన్నవరం వెళ్తున్నాను. ప్రింటు నా సంచిలో ఉంటుంది.